గాలిగూడుల చల్లగాలి ఎక్కడిది?

"నీ బిడ్డ లేచిపోయింది. ఇంటికి పోయి పండుకో."

అమరేందర్ ఈ మాట ఖుద్దూస్ మొఖం మీదనే అన్నడు. హోటల్ రిసెప్షన్ కాడ, నలుగురు వింటుండంగ. నా చెయ్యి లేవబోయింది. జేబుల కుక్కుకున్న. నాకు కోపం ముక్కు మీదుంటదని నల్లగొండల అందరికీ ఎరుకే. కానీ ఇయ్యాల కోపానికి సుత టైం లేదు.

ఖుద్దూస్ చిట్యాలల కూలర్లు బాగుచేస్తడు. ఎండకాలం వచ్చిందంటే ఊళ్ళె సగం ఇండ్ల కూలర్లకు గడ్డి మార్చేది ఆయననే. పొద్దున నల్లగొండకు వచ్చి, గడియారం సెంటర్ కాడ టైర్ల దుకాణం మీదున్న నా డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కిండు. "పెద్దులు సాబ్, నా బిడ్డ నాజియా బుధవారం డ్యూటీకి పోయింది. మళ్ళ రాలే. ఫోన్ కలుస్తలేదు. దాని తల్లి నమాజు చాప మీదికెల్లి లేస్తలేదు" అని నా రెండు చేతులు పట్టుకున్నడు. ఫీజు మాట ఎత్తుతుంటే నేనే నోరు ముయ్యమన్న.

ఇయ్యాల శుక్రవారం. అంటే పిల్ల పోయి రెండు రాత్రులు.

పిల్ల పనిచేసేది ఈ హోటల్లనే. పేరు గాలిగూడు. చిట్యాల దాటినంక హైవే పక్కన. ఒక్క రూముల గూడ ఏసీ లేదని దీనికి మస్తు పేరు. వెనుక దిక్కు ఎత్తుగ ఒక బురుజు కట్టిన్రు. దాని అడుగున పెద్ద ఫ్యాను. బయటిగాలిని గుంజి భూమి కింద సొరంగంలకు తోస్తదట. మన్ను చల్లదనానికి గాలి చల్లబడి ఒక్కొక్క రూముల జాలీలకెల్లి పైకి వస్తదట. గోడలు మందం, పడమటి దిక్కు కిటికీలు చిన్నగ, దుప్పట్లు ఎండల ఆరేసుడు, నీళ్ళు ఎండతోని కాగుడు. రిసెప్షన్ల గోడకు ఒక బోర్డు పెట్టి, నిన్న ఎంత కరెంటు మిగిలిందో రోజూ రాస్తరు. ఇంత పెద్ద హోటల్ల కరెంటు బిల్లు నాలుగోవంతే వస్తదని పత్రికలల్ల రాసిన్రు. ఆ కరెంటు లెక్కలు చూసే ఇంజనీరే నాజియా.

మంగళవారం హైదరాబాదు నుంచి రాజేశ్ అనే ఆయన వచ్చిండు. కరెంటు పొదుపు నిజమేనా అని తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చేటాయన. బుధవారం మధ్యాహ్నం నుంచి ఆయన గూడ లేడు. ఇగ జనానికి కథ అల్లేతందుకు ఎంతసేపు?

"రుజువుందా సారూ?" అని అడిగిన.

అమరేందర్ రిటైర్డ్ డీఎస్పీ. హైదరాబాదుల సెక్యూరిటీ ఆఫీసు పెట్టుకున్నడు. హోటల్ ఓనరు దామోదర్ పిలిపిస్తే వచ్చిండు. డిపార్ట్‌మెంటుల ఇప్పటికీ ఆయన ఒక్క ఫోన్ కొడితే పని అయితది. నేనంటే ఆయనకు ఈగతోని సమానం.

"పెద్దులూ, ఇది మొగుళ్ళ మీద పెండ్లాల అనుమానం కేసు కాదు. అవి నువ్వు చేసుకో." ఫోన్ తీసి ఫొటో చూపిచ్చిండు. "రాజేశ్ కారు. భువనగిరి రైల్వేస్టేషన్ బయట దొరికింది. ఇద్దరు రైలెక్కిన్రు. అయిపోయింది."

ఖుద్దూస్ ఆ ఫొటో దిక్కు చూసి కుర్చీల కూలబడ్డడు.

నేను ఫొటో పెద్దగ చేసి చూసిన. కారు మిట్టమధ్యాహ్నం ఎండల నిలబెట్టి ఉంది. పక్కనే వేపచెట్టు నీడ, ఒక్క బండి గూడ లేదు.

"కారు పెట్టింది రాజేశ్ కాదు."

"నీకు కలొచ్చిందా?"

"గేటు కాడ వాచ్‌మన్‌తోని మాట్లాడిన. మంగళవారం రాజేశ్ వచ్చినప్పుడు రెండు మోటర్‌సైకిళ్ళు జరిపిచ్చి మరీ కారు నీడల పెట్టిచ్చుకున్నడట. ముందటి అద్దానికి పేపరు గూడ కప్పిండట. ఎండల పెడితే తర్వాత ఏసీకి పెట్రోల్ దండగని వాచ్‌మన్‌కు పాఠం చెప్పిండట. గసొంటి మనిషి నీడ ఖాళీగుంటే ఎండల పెడతడా?"

"ప్రేమల పడ్డోనికి ఎండా నీడా తెలుస్తదా?" అని నవ్విండు అమరేందర్.

"మరి పిల్ల స్కూటీ ఇక్కడనే షెడ్డు కింద ఎందుకుంది? సీటు కింద టిఫిన్ డబ్బ గూడ ఉంది. మూత తీసిన. అన్నం పాసిపోయి వాసనొస్తుంది. ముట్టనే లేదు."

ఖుద్దూస్ లేచిండు. "వాళ్ళమ్మ కట్టిచ్చింది సాబ్. అది అన్నం పారేసే పిల్ల కాదు. ఇంట్ల ఒక్క బల్బు ఉత్తగ ఎలిగితే నన్ను తిడ్తది."

దామోదర్‌ను ఆయన రూములనే పట్టుకున్న. యాభై ఏండ్లుంటయి. తెల్ల చొక్క, మెత్తని గొంతు. కూసోమన్నడు, మజ్జిగ తెప్పిచ్చిండు. రూము కుతకుత ఉడుకుతుంది. బయట గెస్టులు సూట్‌కేసులు గుంజుకుంట పోతున్నరు. రిసెప్షన్ల పిల్ల అట్టముక్కతోని ఇసురుకుంటుంది.

"చల్లగాలి ఎప్పటిసంది లేదు?"

"బుధవారం ఒంటిగంటకు ఆగిపోయిందన్నా. బురుజు ఫ్యాను మోటరు కాలింది. మెకానిక్ రావాలె."

"నాజియాను ఆఖరుకు చూసిందెవరు?"

"నేనే. మూడింటికి. రాజేశ్ గారు, ఆమె కలిసి గేటు దిక్కు పోయిన్రు."

"వాచ్‌మన్ చూడలే అంటుండు."

"చాయ్‌కి పోయుంటడు."

"మీరు తప్ప ఇంకెవరు చూసిన్రు?"

"నేనే చెప్తున్న గద అన్నా." నవ్వు పోలేదు గని మజ్జిగ గ్లాసు పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నయి. "అమరేందర్ గారు చూసుకుంటున్నరు. నువ్వు ఆ ముసలాయనను ఇంటికి తోలుకపో. ఎండల ఏమన్న అయితడు."

ఎంత ప్రేమనో. మజ్జిగ ముట్టకుంట లేచిన.

బయటికొచ్చి సీదా బురుజు కాడికి పోయిన. పోంగనే నవ్వొచ్చింది. కాలిపోయిందన్న ఫ్యాను గిర్రున తిరుగుతుంది.

మోటరు కాలలేదంటే గాలి ఎందుకొస్తలేదు? మళ్ళ లోపలికి ఉరికిన. శుక్రవారం గద, కౌంటర్ మీద పటాలకు ఊదు వేసి పెట్టిన్రు. నిప్పులింకా ఆరలేదు. రిసెప్షన్ పిల్ల "సార్, సార్" అంటుండంగనే ఆ ఊదు గిన్నె పట్టుకొచ్చి ఫ్యాను ముందట పెట్టి, ఇంత ఊదు ఎక్కువ చల్లిన. పొగ లేచింది. ఫ్యాను దాన్ని లోపలికి గుంజింది. సొరంగం తెరుచుకునుంటే పొగ అటే పోవాలె. పోలేదు. తిరిగొచ్చి నా కండ్లల్లనే కొట్టింది. దగ్గు ఆగలే.

ఒక ఇనుప కడ్డీ దొరికితే రెక్కల పక్కకెల్లి లోపలికి పొడిచిన. టక్ మన్నది. ఫోన్ లైటు వేసి చూస్తే ఇటుక గోడ. ప్లాస్టరింగ్ గూడ చేసిన్రు. ఫ్యాను ఉత్త గోడకు గాలి కొడుతుంది. వచ్చిపోయేటోళ్ళు ఫొటోలు దిగేతందుకే అది తిరుగుడు.

అంటే సొరంగం బందయింది. బుధవారం కాదు, ఎన్నడో. మరి బుధవారం ఒంటిగంట దాక రూములకు చల్లగాలి ఎక్కడికెల్లి వచ్చింది?

ఈ ప్రశ్నకంటె ముందు ఇంకోటి కనబడ్డది. బురుజు పక్కన ఇనుప జాలీ కట్టిన జాగ. జాలీ లోపల భూమిల ఒక ఇనుప మూత. సొరంగంలకు దిగే తొవ్వ అదే. మూత తుప్పు పట్టుంది గని దానికున్న తాళం కొత్తది, తళతళ మెరుస్తుంది. ముందట ఇద్దరు సెక్యూరిటోళ్ళు. ఎవరూ వాడని సొరంగానికి కొత్త తాళం ఎందుకు? కాపలా ఎందుకు?

నా వెనుకనే ఉన్న ఖుద్దూస్‌కు నేనేం చెప్పలే. నా మొఖం చూసి అర్థం చేసుకున్నడు. "నాజియా!" అని కేకేసి జాలీ దూకిండు. మూత మీద పడి రెండు చేతులతోని కొట్టిండు. సెక్యూరిటోళ్ళు ఆయన చంకల కింద చేతులేసి ఈడ్చిన్రు. నేను అడ్డం పడ్డ. ఒకని మోచెయ్యి నా పండ్లకు తగిలి నోట్లె రక్తమొచ్చింది.

లొల్లికి దామోదర్, అమరేందర్ ఇద్దరొచ్చిన్రు.

"మూత తెరువుండ్రి" అన్న.

"తాళంచెవి మెకానిక్ కాడుంది" అన్నడు దామోదర్. "లోపల విషగాలి ఉంటదన్నా. ఎవరికన్న ఏమన్న అయితే జవాబు ఎవరు చెప్తరు?"

"పగలగొట్టుండ్రి మరి!"

అమరేందర్ నా కాలర్ పట్టుకున్నడు. "ఒక్క ఇటుక గోడ చూసి ఇంకొకరి ఆస్తి పగలగొడ్తవా? రిపేరుకని మూసుంటరు. ఇద్దరు రైలెక్కిన్రని చెప్తున్న గద!"

"ఫ్యాను కాలిందని చెప్పిండు. అది తిరుగుతుంది. మీకు కనబడ్తలేదా సారూ?"

అమరేందర్ ఫ్యాను దిక్కు చూసిండు. తర్వాత దామోదర్ దిక్కు. కాలర్ వదిలిండు గని "ఇది సాలదు" అన్నడు.

స్టేషన్‌కు ఫోన్ కొట్టిన. హైవే మీద బస్సు పల్టీ కొట్టిందట, అందరు ఆడ్నే ఉన్నరట. వస్తమన్నరు, జర ఆగుమన్నరు. ఖుద్దూస్ మట్టిల కూసోని "సాబ్, ఆ మూత జర తీపియ్యుండ్రి, కాళ్ళు మొక్కుత" అని అందరి దిక్కు తిరిగి చేతులు జోడిస్తుండు. ఆయన మొఖం చూడలేక తల తిప్పుకున్న.

దుప్పట్లు ఆరేసే తీగెల కాడ గోపమ్మ నిలబడి ఏడుస్తుంది. హోటల్ల బట్టలుతికే మనిషి. పక్క ఊరే.

"నాజియమ్మ ఎటూ పోలేదు అన్నా. పోయే పిల్లనా అది?" అని కొంగుతోని ముక్కు తుడుసుకున్నది.

"గోపమ్మా, జర యాదికి తెచ్చుకో. బుధవారం ఒంటిగంటకు ఇక్కడ ఏమయింది?"

"ఏమయితది? మా పొలాల ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. దప్పుమన్నది, పొగొచ్చింది."

"హోటల్‌ది గూడనా?"

"హోటల్ కరెంటు వేరే గద. ఇక్కడ బల్బు గూడ ఆరలే. మా సారు మాత్రం దేవుడన్నా. పోయిన ఎండకాలం మాది కాలితే పదిహేను రోజులు ఎవడూ పట్టిచ్చుకోలే, వరి మొత్తం ఎండింది. ఈపారి సారే ట్రాక్టర్ కట్టిచ్చిండు, ఆఫీసర్లకు తనే ఫోన్లు కొట్టిండు. బుధవారం సాయంత్రం నుంచి ఒకటే తొందర. అగో, ఇయ్యాలనే కొత్తది తెచ్చి బిగిస్తున్నరు."

పొలాల ట్రాన్స్‌ఫార్మర్ కాలింది ఒంటిగంటకు. హోటల్ల చల్లగాలి ఆగింది ఒంటిగంటకు. పొలాల కరెంటు పోతే హోటల్ ఓనరుకెందుకు నొప్పి?

"సారూ, నాతోని రాండ్రి" అని అమరేందర్ చెయ్యి పట్టుకొని గుంజిన. ఆయన విడిపిచ్చుకోబోయిండు. "పది నిమిషాలు. ఏమీ లేకుంటే నేను నా ఆఫీసుకు తాళమేసి మీ కాడ వాచ్‌మన్‌గ చేరుత." అందుకు వచ్చిండు.

ప్రహరీగోడ వెనుకనే కాటమయ్య అనే రైతు పేరు మీదున్న మడి. దామోదర్‌కు కౌలుకిచ్చి రెండేండ్లయిందని గోపమ్మ చెప్పింది. పంట లేదు. పచ్చగడ్డి పోచ లేదు. నేల పగుళ్ళు పట్టింది. ఆ బీడు నడుమ ఒక బోరు, దాని పక్కన రేకుల షెడ్డు. షెడ్డుకు తాళం. రేకుల సందులకెల్లి కన్ను పెట్టి చూసిన. లోపల లారీ ఇంజన్ అంత మిషన్. పెద్ద హోటళ్ళ కప్పుల మీద గాలి చల్లబరిచే మిషన్లుంటయి గద, గసొంటిదే. నల్ల ఫోమ్ చుట్టిన గొట్టం ఒకటి గోడ కిందికెల్లి హోటల్ దిక్కు పోయింది. బోరు గొట్టమొకటి మిషన్ లోపలికి పోయింది. గోడకు ఆటో స్టార్టర్ బిగిచ్చి ఉంది. మా దిక్కు రైతులు అందరూ పెట్టుకుంటరు, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటరు దానంతటదే లేస్తది. దామోదర్ గూడ సేద్యం ఇంట్ల పుట్టినోడే గద. మిషన్‌కు గూడ అదే పెట్టుకున్నడు. అందుకే పొలాల కరెంటు పోయిన నిమిషానికి హోటల్ ఉడికిపోయింది.

"సమజయిందా సారూ? వ్యవసాయం కరెంటుకు బిల్లు లేదు. ఏసీ లేని హోటల్ అని పేరు. ఏసీ మొత్తం రైతు పేరు మీద పొలంల నడుస్తుంది. సొరంగంల గాలి చల్లగనే వస్తుండె గని దుప్పటి కప్పుకునేంత చలి రాకపాయె. మనోళ్ళకు గా చలి లేకుంటే హోటల్ అనిపియ్యదు గద. నాజియాకు ఈ సంగతి తెలిసుంటది. రాజేశ్‌కు చూపిచ్చుంటది."

"ఉంటది, ఉంటది! అన్నీ నీ ఊహలే" అన్నడు అమరేందర్. గని ఇప్పుడు గొంతుల ఆ గీర లేదు. "రైతు ఏదో మిషన్ పెట్టుకున్నడంటడు. ఏం చేస్తవు?"

బీడు మొత్తం ఒక్కపారి చూసిన. ఎక్కడా తడి లేదు. బోరు రాత్రింబగళ్ళు నడిస్తే ఆ నీళ్ళు ఎటు పోతున్నయి? ఈ ప్రశ్న నాకొచ్చింది. అప్పుడే స్తంభం మీదికెల్లి లైన్‌మన్ "అయిపోయిందన్నా, స్విచ్ వెయ్యాల్నా?" అని అరిచిండు. ప్రశ్న అటే పోయింది.

"ఆగు ఆగు!" అని చెయ్యెత్తిన. అమరేందర్ దిక్కు తిరిగిన. "సారూ, ఒక్క మాట. ఈ పొలానికి కరెంటు రాంగనే హోటల్ రూముల చల్లగాలి వచ్చిందనుకో?"

"వస్తే, ఆ మూత తాళం నేనే పగలగొడ్త. ఎవడు అడ్డమొస్తడో చూస్త."

"మాట?"

"మాట."

"మీరు ఇక్కడనే ఉండుండ్రి. నేను రూములకు పోయి ఫోన్ చేస్త. చేసినంకనే స్విచ్ వెయ్యమనుండ్రి."

ఉరికిన. ఖుద్దూస్‌ను లేపి నాతోని తీసుకొచ్చిన. కింది అంతస్తుల చివరి రూముకు గోపమ్మ తాళం తీసింది. రూముల రెండు జాలీలున్నయి. ఒకటి గోడ కింద, నేలను ఆనుకొని. సొరంగం గాలి కోసం మొదలు కట్టింది. ఇంకోటి పైన, కప్పు కాడ. దాని చుట్టూ సిమెంటు రంగు వేరే ఉంది. పై జాలీకి చెయ్యి ఆనిచ్చి ఫోన్ కొట్టిన.

"వెయ్యమనుండ్రి సారూ!"

ఫోన్ల "వెయ్" అన్న మాట వినబడ్డది. ఖుద్దూస్ నా మొఖమే చూస్తుండు. నా అరచెయ్యికి మొదలు ఏమీ తెల్వలే. వేడిగాలి గూడ లేదు. నేను తప్పయితే ఆ మూత ఇయ్యాల తెరుచుకోదు.

అప్పుడొచ్చింది. ముందు దుమ్ము రాలింది. ఎనకనే సన్నగ గాలి. ఇంకొంచెంసేపటికి వేళ్ళు జివ్వుమన్నయి.

"వచ్చింది!" అని అరిచిన. "సారూ, మంచు లెక్క వస్తుంది!"

"షెడ్డుల మిషన్ తనంతట తానే లేచింది." అమరేందర్ గొంతు మారింది. "పెద్దులూ... నువ్వు చెప్పిందే నిజమయ్యా. గడ్డపార దేవులాడుత. మూత కాడికి రా."

ఖుద్దూస్ నన్ను కావలిచ్చుకున్నడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంల నేను మొగోన్ని అనుకున్న. డీఎస్పీని ఓడగొట్టిన అనుకున్న. థూ నా బతుకు.

తలుపు కాడ నిలబడ్డ గోపమ్మ, "మళ్ళ మొదలుపెట్టినయ్" అన్నది.

"ఏంది?"

"ఎలుకలన్నా. ఆ కింది జాలీల. నిన్నటిసంది గీకుతున్నయి. ఈ రూముల దిగినాయన గూడ ఫిర్యాదు చేసిపోయిండు."

ఖుద్దూస్ నాకంటె ముందే నేల మీద పడ్డడు. జాలీని రెండు చేతులతోని పట్టి గుంజితే గోడపెచ్చుతోని సహా ఊడింది. వెనుక ప్లైవుడ్ చెక్క. దాని చుట్టూ ఫోమ్ కుక్కిన్రు. నేను బూటుకాలుతోని తన్నిన. ఒకటి, రెండు, మూడోపారికి చెక్క పలిగింది. లోపలికెల్లి చెమ్మవాసన కొట్టింది.

"నాజియా!"

లోపల ఎక్కడనో నీళ్ళు దబదబ పడుతున్న చప్పుడు. దాని మీదికెల్లి గొంతు. రెండు రోజులు అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు.

"అబ్బా?"

ఆ మనిషి ఏడ్చిన ఏడుపు నేను చచ్చేదాక మర్చిపోను. మొఖం మొత్తం ఆ రంధ్రంల పెట్టి "బేటా, వచ్చిన, వచ్చిన బేటా, భయపడకు" అంటనే ఉన్నడు.

"అబ్బా, నీళ్ళొస్తున్నయి."

నాకు మొదలు అర్థం కాలే. మిషన్‌ను చల్లబరిచిన బోరు నీళ్ళు ఇవి. బీడు మీద తడి లేదు. బీడు మీద తడి ఎట్లుంటది? ఎవరూ వాడని సొరంగం కిందనే ఉన్నంక.

"నాజియా, నేను పెద్దులును. మీ నాయిన తోలుకొచ్చిండు. నీళ్ళు ఎంత దాక వచ్చినయి?"

"ఇప్పుడే మొదలయినయ్ సార్. అప్పుడే మోకాళ్ళ దాక వచ్చినయ్. పెద్ద గొట్టం, మస్తు జోరుగొస్తున్నయ్." దమ్ము తీసుకున్నది. "రోజూ నిండే ఉంటుండె. ట్రాన్స్‌ఫార్మర్ కాలినంక నీళ్ళు ఇంకినయి. చూపిద్దామని రాజేశ్ సార్‌ను తీసుకొని దిగిన. ఓనర్ సారు పైన నిలబడి చూసిండు. మమ్మల్ని చూసే మూత ఏసిండు."

బుధవారం సాయంత్రం నుంచి ఒకటే తొందర అన్నది గోపమ్మ. ట్రాక్టర్ కట్టిచ్చిండట. ఆఫీసర్లకు ఫోన్లు కొట్టిండట. దామోదర్ తొందరపడ్డది గెస్టుల చల్లగాలి కోసం కాదు. కరెంటొస్తే సొరంగం దానంతటదే నిండుతది. ఇద్దరిని వాడు చెయ్యి పెట్టి చంపే పని లేదు. స్విచ్ వెయ్యమన్నది నేను. ఈ నోటితోని నేనే చెప్పిన.

"మెట్ల మీదికి ఎక్కు బేటా! మూత కాడికి పో!" అని ఖుద్దూస్ అరుస్తుండు.

"రాజేశ్ సారు కాలు ఇరిగింది అబ్బా. పొద్దటిసంది తెలివి లేదు. ఎత్తి పట్టుకున్న."

"వదిలెయ్! వాణ్ని వదిలేసి నువ్వు ఎక్కు!"

"వదిలితే మునుగుతడు అబ్బా. ఇంకా ఊపిరి తీస్తుండు" అన్నది.

నేను అప్పటికే అమరేందర్‌కు ఫోన్ కొట్టిన. ఎత్తిండు. "సారూ, స్విచ్ బంద్ చెయ్యుండ్రి! పిల్ల సొరంగంల ఉంది, మిషన్ నీళ్ళు అందులకే పోతున్నయి! బంద్ చెయ్యుండ్రి!"

"ఏందీ?" ఉరుకుతున్న చప్పుడు. "లైన్‌మన్ పోయిండు. నేనే హ్యాండిల్ గుంజుత. ఆగు, ఇగో, స్తంభం కాడికి..." ఆగిండు. "దామోదర్ గారూ, పక్కకు జరుగుండ్రి."

ఫోన్ల ఆ మెత్తని గొంతు వినబడ్డది. "కరెంటు తీగెలు సారూ. మీరెందుకు ముట్టుడు? గడ్డపార ఇటియ్యుండ్రి, బరువుంటది."

తర్వాత ఒక దెబ్బ. ఏదో నేల మీద కూలిన చప్పుడు. ఫోన్ కట్ కాలేదు. మిషన్ నడుస్తున్న మోత మాత్రం సాఫ్‌గ వినబడుతుంది.

"సారూ! అమరేందర్ సారూ!"

"అబ్బా, నడుము దాక వచ్చినయ్" అన్నది నాజియా. గొంతుల మొదటిసారి భయం వినబడ్డది. "అబ్బా, నువ్వు మాట్లాడుతుండు. నీ మాట వినబడుతుంటే నిలబడ్త."

ఖుద్దూస్ నా దిక్కు చూసిండు. నేను తలూపిన. ఆయన మళ్ళ రంధ్రంల మొఖం పెట్టి మాట్లాడుడు మొదలుపెట్టిండు. ఇంట్ల అమ్మ ఏం వండిందో, షాపుల ఎవరి కూలర్ బాగయిందో, చిన్నప్పుడు తను ఎత్తుకొని తిరిగిన సంగతి, నోటికొచ్చింది చెప్తనే ఉన్నడు. గోపమ్మ ఆయన వీపు మీద చెయ్యేసి కూసున్నది.

నేను బయటికి ఉరికిన. పొలం దాక పోవాలె, దామోదర్‌ను దాటాలె, ఆ హ్యాండిల్ గుంజాలె. నీళ్ళు పిల్ల గొంతు దాక రాకముందే.

వరండా పొడుగూత రూముల తలుపులు తెరుచుకున్నయి. పోదామని సూట్‌కేసులు సర్దుకున్నోళ్ళంత మళ్ళ లోపలికొస్తున్నరు. రిసెప్షన్ పిల్ల నవ్వుకుంట నాకెదురొచ్చింది. "సార్, గాలొచ్చింది!" అన్నది. ఆమె వెనుక జనం జాలీల కింద నిలబడి, మొఖాలు పైకెత్తి చప్పట్లు కొడుతున్నరు.